సీప్లేన్ ఎక్కి ఐల్ రాయల్ దీవికి: లేక్ సుపీరియర్ నడుమ అయిదు రోజులు గడపడం ఎలా

2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపినప్పుడు, మా బంధువులు ఆ వీడియోలు నాకు పంపి "నువ్వు ఎక్కింది ఇలాంటిదేనా?" అని అడిగారు. ఇలాంటిదే, కానీ ఇంకా చిన్నది. చక్రాలు ఉండే చోట పడవల్లాంటి రెండు పొడవాటి తెప్పలు ఉంటాయి. కొద్దిమందికే చోటు. అమెరికా ఉత్తరపు అంచున, లేక్ సుపీరియర్ మధ్యలో ఉన్న ఐల్ రాయల్ దీవిలో అది నన్ను దింపింది. ఆ దీవికి రెండుసార్లు వెళ్ళాను. మిత్రులు అడిగినప్పుడల్లా ఫోనులో చెప్పిందే చెబుతున్నాను కాబట్టి, ఈసారి వరుసగా రాసి పెడుతున్నాను.

ముందు ఆ సరస్సు ఎంతటిదో మనసులో పెట్టుకోండి. వైశాల్యంలో ప్రపంచంలోని మంచినీటి సరస్సులన్నిటికంటే పెద్దది. సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ రాష్ట్రంలో నాలుగింట మూడు వంతులకు దగ్గర. అత్యధిక లోతు 406 మీటర్లు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. సముద్రంలాగే అలలు వస్తాయి, ఉప్పు వాసన మాత్రం ఉండదు. అందులో దాదాపు 72 కిలోమీటర్ల పొడవున సాగిన సన్నని దీవి ఐల్ రాయల్. విజయవాడ నుంచి ఏలూరు దాటి కొంత ముందుకు వెళ్ళినంత పొడవన్నమాట. ఆ పొడవులో ఒక్క రోడ్డు లేదు, ఒక్క కారు లేదు. సైకిలుకు కూడా అనుమతి లేదు. 1940లో జాతీయ పార్కు అయింది. చేరడానికి రెండే దారులు: గంటల తరబడి సాగే పడవ ప్రయాణం, లేదా ముప్పావు గంటలో దింపే సీప్లేన్.

ఈ యాత్రలో ప్రతి నిర్ణయమూ రెండు విషయాల చుట్టూ తిరుగుతుంది. ఒకటి సరస్సు వాతావరణం, రెండోది మీ సంచి బరువు. మిగతావన్నీ ఈ రెండింటికీ లోబడే ఉంటాయి.

ముందుగా నెల ఎంచుకోండి

పార్కు ఏప్రిల్ 16 నుంచి అక్టోబరు 31 వరకే తెరిచి ఉంటుంది. చలికాలంలో పూర్తిగా మూసేస్తారు. సీప్లేన్లు తిరిగే కాలం ఇంకా తక్కువ, సుమారుగా మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు. ఇందులో జూన్ నెలను నేను సలహా ఇవ్వను. అడవి పచ్చగా, అందంగా ఉంటుంది, నిజమే. కానీ దోమలు, నల్ల ఈగలు కూడా అప్పుడే విజృంభిస్తాయి. మొదటిసారి జూన్ చివర్లో వెళ్ళి, తలకు దోమతెర కప్పుకునే అన్నం తినవలసి వచ్చింది. రెండోసారి ఆగస్టు మూడో వారంలో వెళ్ళాను. దోమలు చాలావరకు తగ్గాయి. పగలు హాయిగా నడవగలిగే వాతావరణం, రాత్రి స్వెటరు వేసుకునేంత చలి. దారి పక్కన ఎర్రని థింబుల్‌బెర్రీలు పండి ఉన్నాయి. మెత్తగా, పుల్లగా, వేలు తగిలితే చితికిపోయే పండ్లు అవి. నడుస్తూ నాలుగు కోసుకుని తినవచ్చు. మొదటిసారి వెళ్ళేవారికి ఆగస్టు రెండో సగమే నా మాట.

తరువాత బయలుదేరే ఊరు

సీప్లేన్ రెండు వైపుల నుంచి దొరుకుతుంది. మిషిగన్ రాష్ట్రంలో హౌటన్, హాంకాక్ జంట ఊళ్ళు ఒకవైపు, మినెసోటాలో గ్రాండ్ మరే మరోవైపు. మీరు చికాగో, డెట్రాయిట్ ప్రాంతాల్లో ఉంటే మొదటిది, మినియాపొలిస్‌లో ఉంటే రెండోది. చికాగో నుంచి హౌటన్‌కు కారులో సుమారు ఏడు గంటలు, డెట్రాయిట్ నుంచి తొమ్మిది పది గంటలు పడుతుంది. మినియాపొలిస్ నుంచి గ్రాండ్ మరేకు నాలుగున్నర గంటలు చాలు. చికాగో నుంచి హౌటన్ దగ్గరి చిన్న విమానాశ్రయానికి విమానం కూడా ఉంది. హౌటన్‌లోని మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో మన పిల్లలు చాలామంది చదువుతున్నారు. తెలిసినవాళ్ళు ఉంటే ముందురోజు రాత్రి వాళ్ళింట్లో పడుకోవచ్చు.

గ్రాండ్ మరే నుంచి వెళ్ళేవారు ఒక విషయం మరిచిపోకూడదు. ఆ ఊళ్ళో గడియారం, దీవిలో గడియారం ఒకటి కాదు. దీవిలో తూర్పు అమెరికా సమయం నడుస్తుంది, గ్రాండ్ మరేలో దానికి గంట వెనక. తిరుగు విమానం టైము రాసుకునేటప్పుడు అది ఏ చోటి సమయమో పక్కనే రాసి పెట్టుకోండి.

టికెట్టుతో పాటు రెండు ఖాళీ రోజులు కొనుక్కోండి

ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన అంచె. సీట్లు తక్కువ కాబట్టి వేసవికి చాలా నెలల ముందే బుక్ చేయాలి. అందరూ ఇంతవరకు సరిగ్గానే చేస్తారు. పొరపాటు సెలవు లెక్కలో జరుగుతుంది. సోమవారం వెళ్ళి శుక్రవారం వచ్చి, శనివారం ఇంటికి చేరి, ఆదివారం ఇండియా విమానం ఎక్కేలా పెట్టుకున్నవారిని చూశాను. దయచేసి అలా చేయకండి.

కారణం పొగమంచు. లేక్ సుపీరియర్ నీళ్ళు వేసవిలో కూడా చల్లగానే ఉంటాయి. ఏడాది మొత్తం మీద సగటు నీటి ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే. వెచ్చని, తేమ నిండిన గాలి ఆ చల్లని నీటి మీదకు రాగానే కింది పొర చల్లబడి పొగమంచు అవుతుంది. ఒడ్డున ఎండ కాస్తున్నా, దీవి దగ్గర తెల్లగా కప్పేసి ఉండవచ్చు. ఈ విమానాల పైలట్లు కంటికి కనిపించే దాన్ని బట్టి దిగుతారు. నీళ్ళు, ఒడ్డు కనిపించకపోతే బయలుదేరరు. అలలు ఎత్తుగా లేచినా అంతే. నా రెండో యాత్రలో తిరుగు ప్రయాణం ఒకటిన్నర రోజు ఆలస్యమైంది. కంపెనీ తప్పు ఏమీ లేదు, వాళ్ళు ఆపడమే సరైన పని. నా దగ్గర ఖాళీ రోజులు ఉన్నాయి కాబట్టి ఆ ఒకటిన్నర రోజూ ఒడ్డున రాయి మీద కూర్చుని పుస్తకం చదువుకున్నాను. పక్క షెల్టర్‌లోని (శిబిరంలో పడుకునేందుకు కట్టిన చెక్క గది) దంపతులకు మర్నాడు పెళ్ళికి వెళ్ళాల్సి ఉంది. వాళ్ళ ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

కాబట్టి దీవిలో అయిదు రోజులు అనుకుంటే ఏడు రోజుల సెలవు పెట్టండి. తిరిగివచ్చే రాత్రికి హోటల్ బుక్ చేస్తే, రద్దు చేసుకోగలిగేది చూసి చేయండి.

బుక్ చేసేటప్పుడే మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ ఎక్కాలి? సామానుకు ఎంత బరువు అనుమతి? స్టవ్వుకు గ్యాసు దీవిలో ఎక్కడ కొనాలి? మీ బరువు కూడా అడిగితే నొచ్చుకోకండి. చిన్న విమానంలో ప్రతి కిలో లెక్కే, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో పైలట్ నిర్ణయించేది ఆ లెక్కతోనే. నిజం చెప్పండి. స్టవ్వు ఇంధనాన్ని విమానంలోకి అనుమతించరు. చిన్న గ్యాసు డబ్బాలు, స్టవ్వు నూనె దీవిలోని దుకాణంలో దొరుకుతాయి. మీరు తీసుకెళ్ళవలసింది ఖాళీ స్టవ్వు మాత్రమే.

ఎక్కడ దిగాలి

విమానం దిగే చోట్లు రెండు. పడమటి కొసన విండిగో, తూర్పు కొస దగ్గర రాక్ హార్బర్. కొత్తవారికి రాక్ హార్బరే మంచిది. అక్కడ దుకాణం ఉంది, స్నానానికి వేడినీళ్ళు ఉన్నాయి, పడవల్ని అద్దెకు ఇస్తారు, రేంజర్లు, అంటే పార్కు సిబ్బంది, ఉంటారు. టెంటులో పడుకోలేనివారికి దీవిలోని ఒకే ఒక్క లాడ్జి కూడా అక్కడే ఉంది.

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళను ఇంట్లో వదిలి వెళ్ళనక్కర్లేదు. లాడ్జిలో గది తీసుకోండి, ఖరీదు ఎక్కువే కానీ వాళ్ళకు అది సరిపోతుంది. మెట్టు ఎక్కి విమానంలో కూర్చోగలిగితే చాలు. రాక్ హార్బర్ నుంచి పడవలో తీసుకెళ్ళి 1855 నాటి పాత లైట్‌హౌసునూ, పక్కనే ఉన్న ఎడిసెన్ జాలరి కుటీరాన్నీ చూపించే విహారాలు ఉన్నాయి. వలలు ఆరబెట్టే చట్రాలు, చిన్న చెక్క ఇల్లు, పడవల కొట్టం చూస్తే మన తీరప్రాంతపు పెద్దలు చాలాసేపు అక్కడే నిలబడిపోతారు.

విండిగో వైపు జనం మరీ తక్కువ. 1928 జూన్‌లో అటు దగ్గర్లో మునిగిపోయిన అమెరికా అనే ఓడ ముందుభాగం నీటి ఉపరితలానికి ఒకటి రెండు అడుగుల కిందే ఉంది. పడవలో వెళ్తూ వంగి చూస్తే ఓడ కొస పచ్చగా కనిపిస్తుంది. రెండో యాత్రకు దాన్ని దాచుకోండి.

సంచి సర్దడం

నా కొలత ఇది: నీళ్ళు కాకుండా సంచి పద్నాలుగు కిలోలు దాటకూడదు. విమానం కోసమే కాదు, మీ మోకాళ్ళ కోసం కూడా. టెంటు, చలికి తగిన పడక సంచి, వానకోటు, ఉన్ని టోపీ, ఒక జత మార్చుకునే బట్టలు, స్టవ్వు, గిన్నె, చెంచా, తలదీపం, పటం, మందుల పొట్లం. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. దీవిలో ఫోను పనిచేస్తుందని లెక్క వేసుకోకండి. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం అద్దెకు దొరికితే ఒకటి తీసుకోండి. ఇండియాలో ఉన్న అమ్మకు మాత్రం ముందే చెప్పండి: "ఇన్ని రోజులు ఫోను రాదు, ఆ మీద ఇంకో రెండు రోజులు ఆలస్యం కావచ్చు, కంగారు పడవద్దు" అని. తేదీలు, మీ దారి, పార్కు ఫోను నంబరు రాసిన కాగితం ఊళ్ళో ఉన్న ఒక మిత్రుడికి ఇవ్వండి.

తిండి విషయంలో దుకాణాల్లో దొరికే ఖరీదైన ఎండు భోజనాలు కొననక్కర్లేదు. వాటిలో శాకాహారం తక్కువ, ఉన్నవి కూడా చప్పగా ఉంటాయి. నేను ఇంట్లోనే ఉప్మా పొట్లాలు కట్టుకుంటాను. ఒక కప్పు బొంబాయి రవ్వను సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. వేరే మూకుడులో రెండు చెంచాల నూనెలో ఆవాలు, శనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, కరివేపాకు గలగలలాడేదాకా వేయించండి. ఇక్కడ తొందరపడితే ఆకులో తేమ మిగిలి నాలుగో రోజుకు పొట్లం ముక్కిన వాసన వస్తుంది. రెండూ కలిపి ఉప్పు, కొద్దిగా శొంఠిపొడి చల్లి, పూర్తిగా చల్లారాక గాలి చొరని సంచిలో మూయండి. దీవిలో రెండున్నర కప్పుల నీళ్ళు తెర్లించి ఇది పోసి, కలిపి, మూతపెట్టి అయిదు నిమిషాలు ఆగితే ఇద్దరికి కడుపు నిండుతుంది. ఇలాగే పులిహోర పొడి కలిపిన అటుకులు, కందిపొడి, వేయించిన పల్లీలు, బెల్లం వేసిన నువ్వుల ఉండలు. గాజు సీసాలో ఆవకాయ మాత్రం వద్దు. బరువు, పగిలితే ప్రమాదం. చిన్న ప్లాస్టిక్ డబ్బీలో నాలుగు చెంచాల కారప్పొడి అంతకంటే మేలు.

లెక్కకు మించి ఒకటిన్నర రోజు తిండి వేరే సంచిలో కట్టి అడుగున పెట్టండి. దాన్ని పొగమంచు కోసం అట్టిపెట్టుకోవాలి. చివరి రోజు దాకా దాని ముడి విప్పవద్దు.

నీళ్ళ గురించి ఒక్క మాట కాదు, నాలుగు మాటలు

సరస్సు నీరు అద్దంలా ఉంటుంది. పది అడుగుల లోతున రాళ్ళు లెక్కపెట్టవచ్చు. దోసిలి పట్టి తాగాలనిపిస్తుంది. తాగకండి. దీవిలో తోడేళ్ళున్నాయి. వాటి పేగుల్లో ఉండే ఒక బద్దెపురుగు గుడ్లు మలంతో బయటికి వచ్చి నీళ్ళలో కలుస్తాయి. మూస్ అనే పెద్ద దుప్పి జాతి జంతువులు ఆ నీళ్ళు తాగి, మేత మేసి వాటిని కడుపులోకి తెచ్చుకుంటాయి. ఆ మూస్ ఊపిరితిత్తుల్లో తిత్తులు పెరుగుతాయి. తోడేలు మూస్‌ను తినగానే చక్రం పూర్తవుతుంది. ఈ చక్రంలో మనిషి పొరపాటున దూరితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు ఏర్పడే ప్రమాదం ఉంది. క్లోరిన్ మాత్రలు, అతినీలలోహిత కాంతి పరికరాలు ఆ గుడ్ల మీద పనిచేయవు. అందుకే పార్కువారు రెండే మార్గాలు చెబుతారు: నీళ్ళు బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగించడం, లేదా 0.4 మైక్రాన్, అంతకన్నా సన్నని రంధ్రాల ఫిల్టర్‌తో వడకట్టడం. ఫిల్టర్ తీసుకెళ్ళండి, అది మొరాయిస్తే మరిగించడానికి సరిపడా గ్యాసు కూడా ఉంచుకోండి. లోపలి చిన్న సరస్సుల్లో నీటి మీద పచ్చని పెయింటు ఒలికినట్టు నాచు కనిపిస్తే ఆ నీళ్ళు ఫిల్టర్ చేసినా, మరిగించినా వాడకూడదు.

బయలుదేరే ముందు ఒక శనివారం దీనికే కేటాయించండి. నిండు సంచి భుజాన వేసుకుని దగ్గరి పార్కులో పది కిలోమీటర్లు నడవండి. పెరట్లో టెంటు వేయండి. ఫిల్టర్‌తో ఒక లీటరు నీళ్ళు వడకట్టి ఎంతసేపు పట్టిందో చూడండి. బూట్ల అడుగున మట్టి, గింజలు లేకుండా బ్రష్‌తో కడగండి. బయటి మొక్కల విత్తనాలు దీవికి చేరకూడదని పార్కు అడుగుతుంది. కుక్కను తీసుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి, పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు.

విమానం ఎక్కిన రోజు

ఉదయం నుంచే ఫోను దగ్గర పెట్టుకోండి, సమయం ముందుకో వెనక్కో జరగవచ్చు. చెవులకు పెట్టుకునేది ఇస్తే పెట్టుకోండి, ఇంజను చప్పుడు గట్టిగా ఉంటుంది. తేలిగ్గా కడుపు తిప్పే అలవాటున్నవారు అరగంట ముందు మాత్ర వేసుకోవాలి.

తీరం వెనక్కి పోయాక చాలాసేపు కింద నీలం తప్ప ఏమీ ఉండదు. తర్వాత ఎదురుగా ముదురాకుపచ్చ గీతలు కొన్ని, వరసగా, దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. అవి దీవి కొసలు. ఒక్కో గీతా ఒక రాతి గట్టు, గట్టుకూ గట్టుకూ మధ్య పొడవాటి నీటి పాయ. విమానం అలాంటి ఒక పాయలోకే, టోబిన్ హార్బర్‌లోకి దిగుతుంది. రెండు వైపులా చెట్ల కొనలు కిటికీ ఎత్తుకు వచ్చినప్పుడు గుండె ఒక్కసారి ఆగినట్టవుతుంది. తెప్పలు నీటిని తాకగానే గరగరమని శబ్దం, ఆ వెంటనే బరువుగా వెనక్కి లాగినట్టు ఉంటుంది. అక్కడితో అది విమానం కాదు, పడవే. మెల్లగా చెక్క రేవుకు చేరుతుంది. ఇంజను ఆపాక వచ్చే నిశ్శబ్దం కోసమే నేను రెండోసారి వెళ్ళాను.

దిగేటప్పుడు పైలట్ చెప్పేదాకా కదలకండి, తెప్ప మీద అడుగు తడిగా జారుతుంది. ఆ రేవు నుంచి చిన్న గట్టు దాటితే అవతలే రాక్ హార్బర్.

అక్కడ రేంజర్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. ఆరుగురు, అంతకన్నా తక్కువ మంది ఉంటే ముందస్తు రిజర్వేషన్ అక్కర్లేదు. ఏడుగురు, ఆపైన ఉంటే ముందే తీసుకోవాలి, కాబట్టి మూడు కుటుంబాలు కలిసి వెళ్ళేవారు గమనించండి. ప్రవేశ రుసుము పదహారేళ్ళు, ఆపై వయసువారికి మనిషికి రోజుకు 7 డాలర్లు. జాతీయ పార్కుల వార్షిక పాస్ ఉంటే అదే చెల్లుతుంది. ఏ రాత్రి ఎక్కడ ఉంటారో రేంజర్‌కు చెప్పాలి. వాతావరణం, దారి పరిస్థితి ఆయన చెప్పేది శ్రద్ధగా వినండి. ఆ తర్వాత దుకాణానికి వెళ్ళి గ్యాసు డబ్బా కొనండి.

దీవిలో అయిదు రోజులు

శిబిరాల్లో మూడు వైపులా చెక్క గోడలు, నాలుగో వైపు దోమతెర ఉన్న షెల్టర్లు ఉంటాయి. ముందు వచ్చినవారిదే చోటు. మధ్యాహ్నం లోపు చేరితే దొరికే అవకాశం ఎక్కువ. దొరికితే లోపల టెంటు వేయకుండా పడకలు పరుచుకోండి. రాక్ హార్బర్‌లో వేసవిలో ఒక్క రాత్రే ఉండనిస్తారు.

మొదటి రోజు సంచి షెల్టర్‌లో పెట్టి స్కోవిల్ పాయింట్ దాకా వెళ్ళిరండి. పోనూ రానూ ఏడు కిలోమీటర్లు దాటదు. ఒకవైపు సరస్సు, మరోవైపు టోబిన్ హార్బర్, మధ్యలో సన్నని రాతి కొస. అలలు కొట్టి నునుపైన రాళ్ళ మీద లైకెన్ అనే నారింజ రంగు రాతి పాచి పెరిగి ఉంటుంది. సాయంత్రం అక్కడే కూర్చోండి.

రెండో రోజు ఒడ్డు వెంట డెయిసీ ఫామ్ శిబిరానికి నడవాలి, సుమారు 11 కిలోమీటర్లు. పటంలో చదునుగా కనిపించే ఈ దారిని తక్కువగా అంచనా వేయకండి. వేళ్ళు, ఏటవాలు బండలు, తడి చెక్కలు. గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తే మంచి వేగమే. అలసిపోతే 4 కిలోమీటర్ల తర్వాత త్రీ మైల్ శిబిరంలో ఆగిపోండి, తప్పేమీ లేదు.

మూడో రోజు సంచి లేకుండా డెయిసీ ఫామ్ నుంచి మౌంట్ ఓజిబ్వే బురుజు ఎక్కండి. మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. పైన దీవి వెన్నెముక గ్రీన్‌స్టోన్ గట్టు తూర్పు నుంచి పడమటికి సాగడం కనిపిస్తుంది. ఆ గట్టు మీదుగా దీవి ఆ కొస నుంచి ఈ కొస దాకా 64 కిలోమీటర్ల బాట ఉంది. అనుభవమున్నవారు నాలుగైదు రోజుల్లో పూర్తిచేస్తారు. ఆకాశం తేటగా ఉంటే ఉత్తరాన కెనడా తీరం కనబడుతుంది. నేలమీద ఆకుపచ్చ మచ్చల రాళ్ళు, రాగి ముక్కలు కనిపించవచ్చు. వేల ఏళ్ళ కిందటే ఆదివాసులు ఇక్కడ రాగి తవ్వారు, ఓజిబ్వే అనే ఆదివాసీ తెగవారు దీవిని మినాంగ్ అంటారు. రాయి ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు.

నాలుగో రోజు మాస్కీ బేసిన్. డెయిసీ ఫామ్ నుంచి ఆరు కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క చోటే చూడగలరంటే నేను మిమ్మల్ని పంపేది ఇక్కడికే. షెల్టర్ ముందు బండ నేరుగా నీళ్ళలోకి వాలి ఉంటుంది. తెల్లవారుజామున నేను ఆ బండ మీద స్టవ్వు వెలిగించబోతుంటే నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపించింది. తల తిప్పితే యాభై అడుగుల దూరంలో ఆడ మూస్ ఒకటి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తల ముంచి మొక్కలు పీకి తింటోంది. తల ఎత్తినప్పుడల్లా చెవుల నుంచి ధార. నమిలే శబ్దం గడ్డి కోస్తున్నట్టు వినిపించింది. నేను స్టవ్వు వదిలి మెల్లగా షెల్టర్‌లోకి వెళ్ళిపోయాను. మీరూ అదే చేయాలి. గుర్రం కంటే ఎత్తైన జంతువది. పిల్ల వెంట ఉన్న తల్లికీ, పిల్లకూ మధ్యకు ఎప్పుడూ వెళ్ళకండి. చెవులు వెనక్కి వాల్చి, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడిస్తే పెద్ద చెట్టు చాటుకు జరగండి.

తోడేళ్ళను చూస్తామని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, అవి మనుషులకు దూరంగా ఉంటాయి. గడ్డకట్టిన సరస్సు మీదుగా 1940ల చివర్లో నడిచి వచ్చాయి. వాటికీ మూస్‌లకూ ఉన్న సంబంధాన్ని శాస్త్రవేత్తలు 1958 నుంచి అధ్యయనం చేస్తున్నారు. 2018 నాటికి రెండే మిగలడంతో, ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ కలిపి 19 తోడేళ్ళను బయటి నుంచి తెచ్చి వదిలారు. బాట మీద వెంట్రుకలు నిండిన తెల్లని మలం కనిపిస్తే అది వాటిదే కావచ్చు, ముట్టుకోకండి. ఎలుగుబంట్లు దీవిలో లేవు. నక్కలు, ఉడతలు ఉన్నాయి. రాత్రి బూట్లు బయట వదలకండి. నక్క ఒక బూటు ఎత్తుకుపోతే తర్వాతి పదిహేను కిలోమీటర్లు ఎలా నడుస్తారో ఆలోచించుకోండి.

అయిదో రోజు వెనక్కి రండి. రాక్ హార్బర్ దగ్గర పడినాక సమయం మిగిలితే టోబిన్ హార్బర్‌లో కనూ అనే సన్నని తెడ్డు పడవ అద్దెకు తీసుకోండి. ఆ పాయలో నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి, లూన్ పక్షుల కూత రెండు గట్ల మధ్య ప్రతిధ్వనిస్తుంది. లైఫ్ జాకెట్ వేసుకునే ఎక్కండి, ఒడ్డు వెంటే నడపండి. పాయ దాటి పెద్ద సరస్సులోకి వెళ్ళవద్దు. ఆ చల్లని నీళ్ళలో పడితే ఈత వచ్చినవారి చేతులు కూడా కొద్ది నిమిషాల్లో పట్టు తప్పుతాయి.

చాలా శిబిరాల్లో నెగడు వేయడం నిషేధం, వంట స్టవ్వు మీదే. గిన్నెలు సరస్సులో కడగకండి, నీళ్ళు ముంచుకుని దూరంగా తీసుకెళ్ళి కడగండి. ప్రతి పొట్లం, ప్రతి కాగితం, మిగిలిన ఉప్మా సహా మీతో వెనక్కి రావాలి.

తిరుగు విమానం రోజున రెండు గంటల ముందే టోబిన్ హార్బర్ రేవు దగ్గర ఉండండి. గట్టు అవతలి చెట్లు మసకగా కనిపిస్తే అడుగున కట్టిపెట్టిన తిండి సంచి ముడి విప్పాల్సిన సమయం అదే. రేవు దగ్గర బండ మీద స్టవ్వు పెట్టి ఒక ఉప్మా పొట్లం వండుకోండి, ఎదురుచూసేవారు ఉంటే వాళ్ళకూ పెట్టండి. పొగమంచు విడిపోతుంటే ముందు శబ్దం వినిపిస్తుంది, ఆ తర్వాతే విమానం కనిపిస్తుంది.

ఒడ్డు చేరాక ఫోనుకు సిగ్నల్ రాగానే కుప్పలుగా సందేశాలు వచ్చిపడతాయి. వాటిని తర్వాత చూసుకోవచ్చు. ముందు అమ్మకు ఫోను చేయండి.